‘జూబిలీ’యా, ‘సునాదమా’? 1863 నాటి ఒక దినచర్యలోని మాట

అమెరికాకు చెందిన ఎమిలీ డేవిస్ దినచర్యను (డైరీని) తెలుగు చేసేటప్పుడు అందులోని ‘జూబిలీ’ అనే ఇంగ్లిషు మాటను అలాగే ఉంచాలన్న మిత్రుల అభిప్రాయంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. జూబిలీ అనగానే మనకు తట్టేవి హైదరాబాదులోని జూబిలీ హిల్స్, రజతోత్సవాలు, స్వర్ణోత్సవాలు. ఆమె ఆ మాట రాసింది 1863 జనవరి 1న, అమెరికా అంతర్యుద్ధ కాలంలో తిరుగుబాటు రాష్ట్రాలలోని బానిసలకు విముక్తి ప్రకటిస్తూ అధ్యక్షుడు లింకన్ ఉత్తర్వు వెలువరించిన రోజున.

ఎమిలీ ఫిలడెల్ఫియాలో బట్టలు కుట్టి బతికిన నల్లజాతి యువతి. బానిస కాదు, స్వతంత్రురాలు. 1863 నుంచి 1865 వరకు జేబు డైరీలలో రోజుకు కొన్ని వరుసల చొప్పున ఆమె రాసుకున్నవి ఎండావానలు, కుట్టుపని, గిటారు పాఠాలు, వచ్చిపోయినవాళ్లు, అందిన ఉత్తరాలు. ఆ రోజు మాత్రం, ఈ రోజును చూసేదాకా తనను బతికించి ఉంచినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకొని, చర్చీలన్నీ తెరిచి ఉన్నాయనీ, తమకు గొప్ప జూబిలీ జరిగిందనీ, జోన్స్ వాళ్ల ఇంట విందుకు వెళ్లాననీ రాసింది. విరామచిహ్నాలు లేనందువల్ల మధ్యలో ఉన్న ‘సాయంత్రం’ జూబిలీకి చెందుతుందో విందుకు చెందుతుందో తేల్చడం కష్టం. నాకు విందుకే అనిపిస్తుంది.

చర్చికి వెళ్లే మనిషి చేతిలో ఈ మాటకు మూలం బైబిలు. లేవీయకాండము 25వ అధ్యాయంలో ఏబైయవ ఏట కొమ్ము ఊది దేశవాసులందరికీ విడుదల చాటించాలని ఉంది. హీబ్రూలో ‘యోబేల్’ అంటే పొట్టేలు కొమ్ము. మన తెలుగు బైబిలు ఆ ధ్వనినే పట్టుకొని దానిని ‘సునాదము’ అన్నది. ఫిలడెల్ఫియాలోని లిబర్టీ బెల్ అనే చారిత్రక గంట మీద చెక్కినదీ ఆ అధ్యాయంలోని పదవ వచనంలో విడుదల చాటించమన్న భాగమే కనుక, ఎమిలీ ఊళ్లో ఈ జూబిలీ వచనానికీ విడుదలకూ ఉన్న బంధం కంచు మీదే కనిపిస్తుంది.

అయితే ఒట్టి ‘సునాదం’ అంటే బైబిలు చదవని తెలుగువారు సంగీతం అనుకుంటారు. పైగా ఆమె వాక్యంలో సంబరమూ ఉంది. ‘విమోచనోత్సవం’ అంటే ఆ సంబరం కాస్తా సభా కార్యక్రమంలా బిగుసుకుపోతుంది. అందుకే నేను ఇలా రాస్తాను: “చర్చీలన్నీ తెరిచే ఉన్నాయి మాకు పెద్ద సునాదపు పండుగే అయింది సాయంత్రం జోన్స్ వాళ్లింటికి విందుకు వెళ్లాను”. ఆమె పెట్టని చుక్కలను నేనూ పెట్టలేదు.