చట్టం ముందు నడుస్తుందా, వెనకాల నడుస్తుందా?

ముషీరాబాద్ మాస్టారు

మొన్న బాగ్‌లింగంపల్లిలో ఒక సభకు వెళ్లాను. ఏ దేశం చూసినా సమాజాన్ని మార్చింది న్యాయవాదులేనంటూ వక్త ఒకాయన గాంధీ, అంబేడ్కర్, మండేలా పేర్లు ఏకరువు పెట్టారు. హాలంతా చప్పట్లు. నాకు మాత్రం మింగుడు పడలేదు. గాంధీని జనం తలచుకునేది ఆయన వాదించిన కేసుల వల్లనా? 1922లో అహ్మదాబాద్ కోర్టులో నేరం ఒప్పుకుని, ఉన్నవాటిలో పెద్ద శిక్ష వేయమని జడ్జినే అడిగిన మనిషి ఆయన. మండేలా, ఆయన సహచరుడు టాంబో 1952లో జోహానెస్‌బర్గ్‌లో లా ఆఫీసు తెరిచిన మాట నిజమే. వర్ణవివక్ష కూలింది మాత్రం ఆ ఆఫీసు నుంచి వేసిన దావాలతో కాదు.

అంత దూరం ఎందుకు? వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్లు ఆ చట్టం ఏం చేస్తూ కూర్చుంది? వెలి వేస్తారన్న భయంతో వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు మొహం చాటేస్తే ఆయన శిష్యులు పూనుకున్నారు. కావిడి మోసిన కుర్రాళ్లే చట్టానికి ప్రాణం పోశారంటాను. ఏమంటారు?

నాంపల్లి వకీలు

మాస్టారూ, సగం కథే చెప్పారు. ఆ చట్టం లేకపోతే ఆ పెళ్లి చెల్లేదే కాదు, పుట్టిన పిల్లలు వారసులయ్యేవారే కాదు. కుర్రాళ్లు నీళ్లు మోయగలరు గానీ వారసత్వం ఇవ్వలేరు కదా.

బొర్రా గుహలు చూడటానికి అందరం వెళ్తాం. ఆ అనంతగిరి మండలంలో గిరిజనుల భూముల్ని ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇచ్చింది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకూడదని 1/70 చట్టం చెబుతూనే ఉంది. ఆ నిషేధం వ్యక్తులకే తప్ప తనకు వర్తించదని ప్రభుత్వం వాదన. ‘సమత’ అనే సంస్థ హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 జులైలో తీర్పు వచ్చింది: ప్రభుత్వం కూడా ఆ నిషేధం కిందికే వస్తుంది, ఆ లీజులు చెల్లవు. ముగ్గురు జడ్జీల్లో ఒకరు విభేదించారు. అంటే మరొక్కరు అటు మొగ్గి ఉంటే ఇవాళ ఆ కొండలు ఎలా ఉండేవో! గనుల కంపెనీల లారీలను ఊళ్లవాళ్లు ఎంతకాలం అడ్డుకోగలరు? వినడానికి పొడిగా ఉంటుంది గానీ, అక్కడ పని చేసింది ఆ ఒక్క న్యాయసూత్రమే.

తార్నాక పరిశోధకురాలు

ఇద్దరూ తీర్పు వచ్చిన రోజు దగ్గరే ఆగిపోతున్నారు. మర్నాటి సంగతి ఎవరూ చెప్పడం లేదు.

దక్షిణాఫ్రికాలో ఒకే రాజ్యాంగ న్యాయస్థానం రెండేళ్ల తేడాతో ఇచ్చిన రెండు తీర్పులు చూడండి. 2000లో గ్రూట్‌బూమ్ కేసు. నిలువ నీడ లేనివాళ్ల కోసం ప్రభుత్వం దగ్గర తగిన పథకం ఉండి తీరాలని కోర్టు చెప్పింది. ప్రపంచమంతా లా కాలేజీల్లో ఆ తీర్పును పాఠంగా చెబుతారు. ఆ కేసు ఎవరి పేరు మీద నడిచిందో ఆ ఐరీన్ గ్రూట్‌బూమ్ 2008లో చనిపోయేనాటికి గుడిసెలోనే ఉన్నారు.

రెండోది 2002 నాటిది. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా నెవిరాపిన్ మందు ఉంది. అయిదేళ్లపాటు ఉచితంగా ఇస్తామని కంపెనీయే ముందుకొచ్చింది. అయినా ప్రభుత్వం ఒక్కో రాష్ట్రంలో రెండేసి కేంద్రాలకే దాన్ని పరిమితం చేసి కూర్చుంది. హెచ్‌ఐవీ రోగుల హక్కుల కోసం పోరాడే ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ వాళ్లు కేసు గెలిచారు. అక్కడితో ఇళ్లకు పోలేదు. ఏ ఆసుపత్రిలో మందు ఉంది, ఎక్కడ లేదు అని కనిపెట్టుకుని ఉన్నారు. ఒక రాష్ట్రం నాన్చుతుంటే కోర్టు ధిక్కారం కేసు వేశారు. ఊరేగింపులు తీశారు, జబ్బు గురించి, మందుల గురించి రోగులకే తరగతులు పెట్టారు. మందు అందింది. కోర్టు అదే, రాజ్యాంగం అదే. గ్రూట్‌బూమ్ తీర్పు వెనక ఇలా వెంటపడే గుంపు లేదు.

అమెరికాదీ ఇదే కథ. బడుల్లో జాతి వివక్ష చెల్లదని 1954లో తీర్పు వచ్చింది. పదేళ్ల తర్వాత కూడా దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లపిల్లలతో కలిసి చదివే నల్లజాతి పిల్లలు నూటికి ముగ్గురు కూడా లేరు. 1964 పౌరహక్కుల చట్టం వచ్చి, వివక్ష చూపే బడులకు కేంద్ర నిధులు ఆపేస్తామన్నాకే కదలిక వచ్చింది.

అలాగని మాస్టారి పక్షం అనుకోకండి. అదే అమెరికాలోని మాంట్‌గొమరీలో, బస్సుల్లో వివక్షకు నిరసనగా నల్లజాతి జనం 381 రోజులు సిటీ బస్సు ఎక్కలేదు. బస్సులకు బదులు ఆ జనం నడుపుకుంటున్న సొంత కార్ల ఏర్పాటును ఆపించాలని నగరపాలక సంస్థ స్థానిక కోర్టుకెక్కింది. అది ఆగితే ఉద్యమం నడుం విరిగినట్టే. 1956 నవంబరు 13న ఆ విచారణ నడుస్తుండగానే, బస్సుల్లో వివక్ష చెల్లదని సుప్రీంకోర్టు తేల్చిన వార్త వచ్చింది. గెలిపించింది కాళ్లా, కాగితమా? నేనైతే చెప్పలేను.

కాప్రా వాసి

అందరూ మంచి వకీళ్ల గురించే మాట్లాడుతున్నారు. గనుల కంపెనీల తరఫున వాదించినవాళ్లు ఎవరు? వాళ్లూ నల్లకోట్లే.

చుండూరు గుర్తుందా? 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. బొజ్జా తారకం వంటి న్యాయవాదులు బాధితుల పక్షాన నిలబడ్డారు. ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే పెట్టించుకున్నారు, మామూలు విజయం కాదది. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చట్టం గట్టిదే, వకీళ్లు గట్టివాళ్లే, బాధితులు ఊరు కదలకుండా పోరాడారు. అయినా ఇదీ ఫలితం. దీన్ని ఏ లెక్కలో రాస్తారు?

దస్తావేజు లేఖరి

చాలాకాలంగా రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట బల్ల వేసుకుని బతికేవాణ్ణి. దక్షిణాఫ్రికా నాకు తెలియదు. నాకు తెలిసిన చట్టం ఒకటుంది. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమాన వాటా అని మన రాష్ట్రం 1985 నుంచే వర్తించేలా చట్టం తెచ్చింది, అప్పటికే పెళ్లయినవాళ్లను మినహాయించి. దేశమంతటికీ అది 2005లో గానీ రాలేదు. ఎన్‌.టి.రామారావు హయాంలో వచ్చిన ఆ చట్టాన్ని చూసి గర్వపడాలి, నిజమే.

ఇక నా బల్ల దగ్గర జరిగేది చెబుతాను. అన్నదమ్ములు ముందు దిగుతారు, అక్కచెల్లెళ్లు వెనక ఆటోలో వస్తారు. వాటా వదులుకుంటున్నామని రాసే హక్కు విడుదల పత్రం. అందులో ఒక వాక్యం ఎప్పుడూ ఉంటుంది: “నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతం లేకుండా”. అది రాసేది నేనే, వాళ్లెవరూ చెప్పరు. ఒకావిడ, “ఒకసారి చదివి వినిపిస్తారా” అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే తమ్ముడు, “ఎందుకక్కా, మామూలు కాగితమే” అన్నాడు. ఆవిడ వేలు ముందుకు చాపింది. సాయంత్రానికి చీర, పసుపు కుంకుమ.

ఈ మధ్య కొంత మార్పు చూస్తున్నాను. ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల పొలాలున్న ఇళ్ల ఆడపిల్లలు అంత తేలిగ్గా సంతకం పెట్టడం లేదు, పక్కన లాయరుతో వస్తున్నారు. ఇన్నేళ్లుగా చట్టం చేయలేని పని ఎకరం ధర చేసిందని మా వాళ్లు నవ్వుకుంటారు.

నాంపల్లి వకీలు

లేఖరి గారూ, ధర పెరిగితే ఆశ పుడుతుంది, ఒప్పుకుంటాను. కానీ అడగడానికి హక్కంటూ ఉంటేనే కదా ఆ లాయరు పక్కన నిలబడేది?

కాప్రా వారికి: చుండూరుకు నా దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు నటించను. కానీ పౌరహక్కుల న్యాయవాదులు కన్నబిరాన్, బాలగోపాల్ ఈ నగరంలో నడిపిన కేసులన్నీ గెలవలేదు. ఓడిన కేసులోనూ పోలీసు అధికారి బోనెక్కి ప్రశ్నలకు జవాబు చెప్పాల్సి వచ్చింది. ఆ భయం కొన్ని ప్రాణాలు కాపాడిందని నా నమ్మకం.

మాస్టారికి మరొకటి. నిజాం కాలంలో, 1919లో వచ్చిన చట్టం ఒకటి ట్రాన్స్‌జెండర్ల పేర్లు పోలీసు రిజిస్టరులో ఎక్కించమనేది. ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా, రాష్ట్రాలు కలిసినా, విడిపోయినా అది అలాగే ఉండిపోయింది. ఏ శాసనసభా దాన్ని ముట్టుకోలేదు. ట్రాన్స్‌జెండర్ కార్యకర్తలే వ్యాజ్యం వేస్తే 2023 జులైలో మన హైకోర్టు కొట్టేసింది. ఓట్ల బలం లేనివాళ్ల గోడు వినేది ఇక్కడొక్కచోటే.

ముషీరాబాద్ మాస్టారు

ఆ కేసు వేసింది ఆ కార్యకర్తలే కదా, మీరే అన్నారు. సరే.

కోర్టు ఇచ్చింది కోర్టే లాక్కోగలదు. అమెరికాలో గర్భస్రావ హక్కు 1973లో తీర్పుతో వచ్చి 2022లో తీర్పుతోనే పోయింది. ఐర్లండ్‌లో ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగి, 2018లో ప్రజాభిప్రాయ సేకరణలో మూడింట రెండు వంతుల ఓట్లతో గెలిచారు. దాన్ని తొమ్మిది మంది జడ్జీలు కూర్చుని రద్దు చేయలేరు.

తార్నాక పరిశోధకురాలు

దూబగుంట ఆడవాళ్లూ తిరిగారు కదా మాస్టారూ, 1992లో. సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఏ కోర్టూ రద్దు చేయలేదు, ఖజానా ఖాళీ అయిందన్నారంతే.

కొత్త సభ్యురాలు

మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. లేఖరి గారు రాసింది చదివి అడుగుతున్నాను. వచ్చే వారం సంతకానికి రమ్మని అన్నయ్య ఫోన్ చేశాడు. నాన్నగారు 2003లోనే పోయారు. పంపకాలు ఎప్పుడూ జరగలేదు. నాకు ఏమైనా వస్తుందా?

నాంపల్లి వకీలు

వస్తుందమ్మా. తండ్రి 2005 కంటే ముందే చనిపోయినా కూతురి వాటా పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకం జరిగి ఉంటే వేరే మాట. అది పిత్రార్జితమా, నాన్నగారి స్వార్జితమా అన్నది ముందు చూసుకోండి. రెండింటి లెక్క వేరు. ఫీజు భయం వద్దు. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయసహాయం ఉంది, 15100కు ఫోన్ చేయండి.

దస్తావేజు లేఖరి

సంతకానికి ముందే నకలు తెప్పించుకోండి అమ్మా. సర్వే నంబర్ల దగ్గర ఖాళీలు వదిలారేమో చూడండి. బల్ల దగ్గర తొందర పెడతారు, కళ్లజోడు మరిచిపోకండి.