గాదెను హైదరాబాదులో ఎక్కడ అల్లిస్తారు?

ప్రశ్న: నిజాంపేట నివాసి

అందరికీ నమస్కారం. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఇంటి వసారాలో ఒక వెదురు గాదె ఉండేది. పెరట్లో తాటాకు కప్పు కింద నిలబెట్టే పెద్ద గాదె కాదు. ఇంటి వాడకానికని అల్లించిన చిన్నది, పదేళ్ళ వయసులో నా గడ్డం దాకా వచ్చేది. అడుగు నలుపలకగా మొదలై, నడుము దగ్గర కడవలా ఉబ్బి, మూతి దగ్గర మళ్ళీ ఇరుకయ్యేది. లోపలా బయటా పేడా మట్టీ కలిపి అలికేవారు. కింద చెయ్యి పట్టేంత కన్నం, దానికి గుడ్డ ఉండ బిరడాగా ఉండేవి. పైనుంచి కొత్త ధాన్యం పోసి, కిందినుంచి పాతది తీసుకునేవారు.

అచ్చం అలాంటిదే ఒకటి కావాలని రెండు నెలలుగా తిరుగుతున్నాను. బేగంబజారు, మోండా మార్కెట్, ఎర్రగడ్డ ఆదివారం సంత అన్నీ చూశాను. గాదె అనగానే ఒకాయన విడిచిన బట్టలు వేసుకునే బుట్ట తీశారు. మిగిలినవారిలో ఎక్కువమంది, పెళ్ళికూతురిని కూర్చోబెట్టి మేనమామలు మోసుకొచ్చే బుట్టను చూపించారు. అది వెడల్పే గాని లోతు ఉండదు. ఆన్‌లైన్‌లో కనిపించేవి ఇనుప చట్రానికి జనపనార తొడిగినవి. మాకు ఊరినుంచి ఏడాదికొకసారి వచ్చే క్వింటా బియ్యాన్ని అందులో పోసుకోవాలని ఆశ. ఎవరిని అడగాలో, ఏ కొలతలు చెప్పాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: సిద్దిపేట వాస్తవ్యుడు, ప్రస్తుతం సికింద్రాబాదు

చిక్కు మీరు వెతికిన బజారులో కన్నా అడిగిన మాటలో ఉన్నదేమో అనిపిస్తున్నది. మా వైపు దీన్ని గుమ్మి అంటాము, గరిసె అనేవారూ ఉన్నారు. అల్లేవారు మేదరివారు. నగరంలో పాతతరంవారు బురుడువాళ్ళు అని కూడా అంటారు. కాబట్టి దుకాణాల్లో గాదె అని కాకుండా, నిచ్చెనలు, తడకలు, చాటలు పెట్టుకొని రోడ్డు పక్కనే కూర్చొని అల్లేవారి దగ్గర గుమ్మి అని అడిగి చూడండి. వయసు మళ్ళినవారైతే మీరు చెప్పడం పూర్తికాకముందే చేతులతో నడుము ఆకారం చూపిస్తారు.

మరొక సంగతి. మా ఊళ్ళో గుమ్మిని ఎవరూ దుకాణంలో కొన్నట్టు నాకు గుర్తు లేదు. పంట చేతికొచ్చే ముందు మేదరి కుటుంబం వెదుళ్ళతో సహా వచ్చి, చెట్టు కిందనో, ఇంటి లోపలనో మూడు నాలుగు రోజులు కూర్చొని, ఆ ఇంటికి ఎంత ధాన్యం వస్తుందో అడిగి, అంతకు సరిపడా అల్లి, కూలిని గింజల రూపంలోనే తీసుకొని వెళ్ళేది. మా నాయనమ్మ గుమ్మిని కొట్టు గదిలోనే అల్లించారు. దాని వెడల్పు గది తలుపు కన్నా ఎక్కువ. ఇల్లు పడగొట్టేనాడు అది బయటకు రాక, కత్తితో రెండుగా చీల్చవలసి వచ్చింది. ఇంత పెద్ద వస్తువును తయారుచేసి బజారులో పేర్చిపెట్టడం ఎవరికీ గిట్టుబాటు కాదు. మీరు రెండు నెలలు తిరిగినా కనబడకపోవడానికి కారణం అదే అయి ఉంటుంది.

కొలతల విషయానికి వస్తే, 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఉన్న గుమ్మిలో 75 కిలోల ధాన్యం బస్తాలు సుమారు ఆరు పడతాయి. మీకు అంత అక్కరలేదు. ఒకటిన్నర అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ఉంటే క్వింటా బియ్యం అంచుదాకా వస్తాయి. మూతి దగ్గర ఖాళీ కావాలి గనుక 2 అడుగుల వెడల్పు చెప్పండి. ఆ వెడల్పు నడుము దగ్గరిదని విడమరచి చెప్పకపోతే మూతిని 2 అడుగులు చేసి, నడుమును మూడు దాటిస్తారు. ఖరీదును వస్తువు లెక్కన కాకుండా వెదురు ధర, రోజు కూలి విడివిడిగా మాట్లాడుకుంటే ఇద్దరికీ పేచీ ఉండదు.

జవాబు: రాజేంద్రనగర్ నుంచి

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. వెదురు గురించి మాత్రం కొంత చేరుస్తాను. అల్లిన ఏడాదికే బుట్ట కింద పసుపుపచ్చని పిండి రాలడం చాలామంది చూసే ఉంటారు. వెదురులోని పిండిపదార్థం కోసం చేరే పురుగు పని అది. వానలు వెళ్ళాక, చలికాలంలో నరికిన వెదురులో ఆ పదార్థం తక్కువ. ఎండాకాలంలో నరికినదానికి పురుగు త్వరగా పడుతుంది. చీల్చిన బద్దలను కొన్ని రోజులు నీళ్ళలో నానబెట్టి అల్లితే చాలావరకు నయం. బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీటిలో నానబెట్టే పద్ధతీ ఉంది గాని, గింజలు పోసే బుట్టకు నేను దాన్ని సూచించను.

తెలిసిన రైతు గట్టుమీద వెదురు పొద ఉంటే నేరుగా కొనుక్కోవచ్చు. 1927 నాటి అటవీ చట్టాన్ని 2017లో సవరించి, అడవుల వెలుపల పెరిగే వెదురును చెట్టు అన్న నిర్వచనం నుంచి తప్పించారు. గడ్డిజాతి మొక్కను చెట్టు కాదని ఒప్పుకోవడానికి చట్టానికి తొంభై ఏళ్ళు పట్టింది!

జవాబు: మల్కాజిగిరి గృహిణి

బుట్ట అల్లించుకోండి, కాని అందులో నేరుగా బియ్యం పోయవద్దని నా మనవి. మన పెద్దలు గాదెలో పోసింది ధాన్యం. బాగా ఎండబెట్టి, తేమ 12, 13 శాతానికి దిగిన వడ్లకు పొట్టే కవచం. ఎప్పటికప్పుడు కావలసినన్ని దంచుకునేవారు గనుక బియ్యాన్ని నెలల తరబడి నిల్వ ఉంచే అవసరమే తక్కువగా ఉండేది. మర పట్టిన బియ్యాన్ని గాలి చొరబడే బుట్టలో పోస్తే, ఎన్ని వేపాకులు వేసినా రెండో నెలకే ముక్కపురుగు కనబడుతుంది. నాకు అనుభవమైంది, అరబస్తా బియ్యం మేడమీద ఎండబోసి ఏరుకోవలసి వచ్చింది. బియ్యాన్ని బిగుతైన మూత ఉన్న డబ్బాలో పోసి, ఆ డబ్బాను గాదెలో దించండి. లేదా వడ్లే తెప్పించుకోండి.

ఇక అలకడం. అపార్టుమెంటులో పేడా మట్టీ ఆరి, పెచ్చులుగా రాలి, రోజూ ఊడ్చుకోవలసి వస్తుంది. మా అత్తగారు చాటలకు, బుట్టలకు పాత కాగితాలను నానబెట్టి, నానిన మెంతులతో కలిపి మెత్తగా రుబ్బి పట్టించేవారు. మెంతుల జిగురు వల్ల కాగితం గుజ్జు సందుల్లో గట్టిగా పట్టుకుంటుంది, చేదు వల్ల పురుగు దగ్గరికి రాదని ఆవిడ నమ్మకం. పలుచగా రెండు పూతలు, ఒకటి పూర్తిగా ఆరాకే రెండోది. వానాకాలంలో మాత్రం ఈ పని పెట్టుకోకండి, ఆరేలోపే బూజు పడుతుంది.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ ధన్యవాదాలు. గుమ్మి అన్న మాట పట్టుకొని వెళితే, మా ఇంటికి ఆరు కిలోమీటర్ల దూరంలో తడకలు అల్లే ఒక పెద్దాయన దొరికారు. చిన్నప్పుడు తండ్రితో కలిసి ఊరూరా తిరిగి గుమ్ములు అల్లారట. దీపావళి దాటాక కొత్త వెదురు వస్తుందని, అప్పటిదాకా ఆగమన్నారు. రాజేంద్రనగర్‌వారి మాటతో ఇది సరిపోయింది. బియ్యం విషయంలో మల్కాజిగిరి అమ్మగారి సలహా పాటిస్తాను. మా తమ్ముడు ఈసారి రెండు బస్తాలు వడ్లుగానే ఉంచుతానన్నాడు, డబ్బా మాట తరువాత చూస్తాము.

ఇంట్లోనే అల్లిద్దామంటే ఇరవై అడుగుల వెదుళ్ళు లిఫ్టులో పట్టవు. సెల్లారులోనే బద్దలు చీల్చి, కట్టలుగా పైకి తెచ్చి, బాల్కనీలో అల్లుతానని ఆయనే ఉపాయం చెప్పారు. బాల్కనీ తలుపు కొలిచాను, 2 అడుగుల 4 అంగుళాలు ఉంది. నడుము 2 అడుగులే అని రెండుసార్లు చెప్పి వచ్చాను.