భీమిలిలో చూడాల్సింది డచ్చివాళ్ళ సమాధులా, చేపల ఒడ్డా?

బెజవాడ బండి:
మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ భీమిలి వెళ్ళొచ్చాం. డచ్చివాళ్ళ సమాధులు, లైట్‌హౌస్, గోస్తని సముద్రంలో కలిసే చోటు చూశాం. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు! కానీ ఒడ్డు నిండా వలలు, ఫైబర్ పడవలు, నీచు వాసన. వాటిని కాస్త పక్కకి జరిపితే మన వారసత్వం జనానికి కనబడుతుంది కదా?

జాలారిపేట పిల్ల:
మన వారసత్వమా అండీ? ఆ రాళ్ళ కింద ఉన్నది బట్టల వ్యాపారానికి వచ్చినవాళ్ళు. ఈ తీరంలో వాళ్ళ ఓడలు దూరంగా లంగరేసేవి. అలలు దాటించి సరుకునీ దొరల్నీ ఒడ్డుకి చేర్చింది మసూలా పడవలు. వాటికి మేకులుండవు. పలకలకి బెజ్జాలు పెట్టి కొబ్బరితాడుతో కుట్టేవారు. అల కొడితే బిగుసుకున్న పడవ పగులుతుంది, కుట్టిన పడవ కాస్త వంగి తట్టుకుంటుంది. మద్రాసుకి హార్బరు కట్టేదాకా అక్కడ దిగినవాళ్ళకీ ఇవే దిక్కు. సమాధులు చూశారు సరే, భీమిలిలో ఒక్క కుట్టుపడవ కనబడిందా మీకు?

పాత విశాఖ:
నిజమే అమ్మాయ్. కానీ పాతవి పోయాయని బాధపడేది ఒడ్డున కూర్చున్న మనమే. కర్రతెప్ప నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, వేట నుంచి రాగానే దుంగలు విప్పి ఎండబెట్టాలి. ఫైబరు వచ్చాక ఆ చాకిరీ తప్పింది. చూడ్డానికి బాగుంటుందని మళ్ళీ దుంగలెక్కమంటామా?

జాలారిపేట పిల్ల:
ఎక్కమనట్లేదు మాస్టారూ, ఒడ్డు మీంచి జరపొద్దంటున్నా. అలివి వల, అంటే ఒడ్డున నిలబడి లాగే పెద్ద వల, లాగాలంటే ఇసక ఖాళీగా ఉండాలి. రెండు తాళ్ళు, తాడుకో వరస మనుషులు. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఎవరో సెల్ఫీ కోసం తాడు మీద నిలబడ్డారు. మా చిన్నాన్న "తాడు దిగు బాబూ" అని మూడుసార్లు అరిచాడు. వల పైకొచ్చింది, అంతా నెత్తళ్ళే. ఫోటోలు తీసినవాళ్ళలో ఒక్కరూ వంద రూపాయల చేప కొనలేదు.

బెజవాడ బండి:
మేమూ తాళ్ళ మధ్యలోంచే నడిచాం లెండి, అవేమిటో తెలీక. ఈసారి మే నెలలో పిల్లలతో వద్దామనుకుంటున్నాం.

జాలారిపేట పిల్ల:
మేలో మరపడవలన్నీ ఒడ్డునే ఉంటాయండీ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. నిషేధం అయ్యాక రండి, తెల్లారేసరికి ఒడ్డునుండాలి. సంచీ తెచ్చుకోండి.