1918 జార్జి రూపాయి: అసలుదేనా?

1918 జార్జి 5 వెండి రూపాయి బేరంలో ఉంది. 10.9 గ్రాములు తూగింది, అంచు నునుపు. కొనొచ్చా అండి?

— అసలు బరువు 11.66 అండి. చేతులు మారి ముప్పావు గ్రాము అరిగితే రాజుగారి గడ్డం, కిరీటం కూడా చదునైపోవాలి. ముఖం పదునుగా ఉందంటే అనుమానించాల్సిందే. భూతద్దంతో అక్షరాల పక్కన చూడండి, లోహం కరిగించి అచ్చులో పోసిన నకిలీ నాణేనికి బుడగల గుంటలుంటాయి.

— తొందరపడకండి. దండలో వేసిన రూపాయికి కొక్కెం పీకి అంచును ఆకురాయితో రాస్తారు, నిలువు గీతలు పోతాయి, బరువూ తగ్గుతుంది. అలాగైతే వ్యాసం 30.5 మి.మీ. కన్నా బాగా తగ్గాలి. కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి, నాణేన్ని దారంతో అడుగు తగలకుండా ముంచండి. వెండైతే 1.05 గ్రాములు పెరగాలి. చింతపండుతో మాత్రం తోమొద్దు, ఉన్న విలువా పోతుంది.

— వ్యాసం 30.4. పెరిగింది 1.23.

— 10.9ని 1.23తో భాగిస్తే 8.86, అంటే నీటికన్నా అన్ని రెట్లు బరువు (సాంద్రత). అసలు రూపాయిలోని 91.7 శాతం వెండికి 10.3 రావాలి. వదిలేయండి.