35 ఇంచుల టైర్ల కోసం వీల్ వెల్ కొయ్యాలా, లిఫ్ట్‌తోనే సరిపెట్టాలా?

మట్టిబాట:
అందరికీ నమస్తే. నాది డబుల్ క్యాబ్ పికప్, ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, వెనక లీఫ్ కట్టలు. కంపెనీ టైర్లు 265/70 ఆర్17 (వెడల్పు 265 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ 17 ఇంచులు). రాళ్ల దారుల్లో వెనక డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండే గేర్ల గుండు) ఊరికే తగులుతోంది అందుకని 315/70 ఆర్17 వేద్దామనుకుంటున్నా, అంటే దాదాపు 35 ఇంచులు. కొత్త రిమ్ములతో ముందు ఒక టైరు బిగించి చూశాను, స్టీరింగ్ ఫుల్‌గా తిప్పితే వీల్ వెల్ (టైరు తిరిగే గూడు) వెనక మూల, అదే డ్రైవర్ పాదాల ముందు ఉండే భాగం, గట్టిగా ఒరుసుకుంటోంది. ఒకరేమో లిఫ్ట్ వేస్తే, అంటే బండి ఎత్తు పెంచితే చాలంటారు, ఇంకొకరు కొయ్యక తప్పదంటారు. బాగున్న బండికి గ్రైండర్ పెట్టాలంటే మనసు రావట్లేదు. చేసినవాళ్లు చెప్పండి.

లోగేర్:
లిఫ్ట్ వేస్తే చాలు అనే మాట నమ్మకండి. స్ప్రింగ్ పైన స్పేసర్ పెట్టి రెండించులు లేపితే బండి నిలబడి ఉన్నప్పుడు టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య బోలెడు ఖాళీ కనిపిస్తుంది, నిజమే. కానీ గుంతలో పడి సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు చక్రం ఎంత పైకి వస్తుందో తేల్చేది బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ. దాన్ని మార్చకపోతే చక్రం పాత చోటికే వస్తుంది, టైరు మాత్రం ఇప్పుడు చుట్టూరా 35 మి.మీ. పెద్దది (వ్యాసం 803 మి.మీ. నుంచి 873కి పోతోంది కదా). అంటే రోడ్డు మీద ఏ చప్పుడూ ఉండదు, అసలు ఆఫ్‌రోడ్‌కి వెళ్లినరోజే వీల్ వెల్ లోపలి ప్లాస్టిక్ లైనర్ చిరిగి చేతికొస్తుంది.

బాడీ లిఫ్ట్ అయితే వేరే సంగతి, అది ఫ్రేమ్ మీద నుంచి బాడీనే పైకి జరుపుతుంది కాబట్టి ఫుల్ కంప్రెషన్‌లో కూడా ఆ ఖాళీ ఉంటుంది. కానీ మీకు తగులుతున్న చోట క్యాబ్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే క్యాబ్ మౌంట్ బ్రాకెట్ కూడా ఉంటుంది, అది ఫ్రేమ్‌కి వెల్డ్ చేసింది, బాడీ ఎంత లేపినా అది అక్కడే ఉంటుంది. కాబట్టి 35 కావాలంటే కొయ్యాలి. కోసేది కూడా పెద్దగా ఏం ఉండదు, లైనర్, బంపర్ కింది మూల, పించ్ వెల్డ్ (రేకులు కలిసే అంచు) వంచడం, బ్రాకెట్ ముందు మూల.

స్టాక్‌సైజ్:
లోగేర్ గారూ బంప్ స్టాప్ సంగతి ఒప్పుకుంటా. కానీ అసలు 35 ఎందుకు అని ఎవరూ అడగరేంటి? వెనక ఆక్సిల్ కింద ఎత్తు పెంచేది టైరొక్కటే, అది కరెక్టే, కానీ దానివల్ల వచ్చేది వ్యాసార్థం తేడా 35 మి.మీ. మాత్రమే. అదే 255/80 ఆర్17 వేస్తే వ్యాసం 840, అంటే 18 మి.మీ. పైచిలుకు లాభం, పైగా కంపెనీ టైరు కంటే 10 మి.మీ. సన్నం. చాలా పికప్పుల్లో లైనర్ కాస్త జరిపితే సరిపోతుంది, బాడీ ముట్టుకోవాల్సిన పనే ఉండదు. రాళ్లలో ప్రెషర్ 18-20 పీఎస్‌ఐకి దించితే టైరు పొడుగ్గా పరుచుకుని పట్టు అదే వస్తుంది.

ఇంకోటి, 35 వేస్తే మీ గేరింగ్ 8 శాతం దాకా పడిపోతుంది. 3.73 యాక్సిల్ రేషియో (డిఫరెన్షియల్ గేర్ల నిష్పత్తి) ఉంటే ఇంజన్‌కి అది 3.43లా అనిపిస్తుంది, పాత ఊపు రావాలంటే 4.10 వేయాలి, అది ముందూ వెనకా రెండు డిఫరెన్షియల్స్‌లోనూ. మీటర్ 100 చూపిస్తుంటే మీరు 109లో వెళ్తుంటారు. టైరు బరువు, వ్యాసం రెండూ పెరుగుతాయి కాబట్టి బ్రేకు అదే పాతది పెట్టుకుని బండి ఆపడం కష్టమవుతుంది, టై రాడ్లు బాల్ జాయింట్లు తొందరగా పోతాయి. ఇదంతా 35 మి.మీ. కోసం. అందుకే నేను కొయ్యడానికి వ్యతిరేకం, గ్రైండర్ మీద భయంతో కాదు.

లోగేర్:
గేర్లు బ్రేకుల సంగతి నిజమే, నేను కాదనట్లేదు, 35కి వెళ్లేవాళ్లు ఆ ఖర్చు కూడా కలిపే లెక్కేసుకోవాలి. కానీ 18 మి.మీ.కీ 35 మి.మీ.కీ తేడా లేదన్నట్టు మాట్లాడితే ఒప్పుకోను. రాయి మీద డిఫరెన్షియల్ ఆగిపోయిన చోట ఆ 17 మి.మీ. ఉంటే దాటిపోయేవాళ్లం అనిపించిన సందర్భాలు రాళ్లలో తిరిగే ప్రతివాళ్లకీ ఉంటాయి. ఇంకా కొంతమంది కొయ్యకుండా ఉండటానికి బంప్ స్టాప్ పొడుగుది వేసి సస్పెన్షన్ పైకి రాకుండా ఆపేస్తారు. దానివల్ల చక్రం కదిలే దూరం పోతుంది, బండి గట్టిపడి ప్రతి రాయికీ ఎగురుతుంది. సస్పెన్షన్ చంపుకుని పెద్ద టైరు పెట్టుకోవడం కంటే రెండు ఇంచుల రేకు వంచడం వెయ్యి రెట్లు నయం.

రాళ్లదారి:
తమ్ముడూ మట్టిబాటా, కొయ్యాలా వద్దా అనేముందు రెండు సంగతులు చెప్పు. కొత్త రిమ్ ఆఫ్‌సెట్ (రిమ్ మధ్య గీత నుంచి బోల్టులు బిగించే ముఖం ఎన్ని మి.మీ. దూరమో అది) ఎంత, పాతదానిది ఎంత? ఇంకా, స్ప్రింగ్ తీసి చూశావా లేక ఊరికే నేల మీద నిలబెట్టి తిప్పావా?

మట్టిబాట:
పాతది ప్లస్ 30, కొత్తది జీరో అక్కా. వెడల్పు రెండిటికీ ఒకటే. నేల మీదే చూశాను.

రాళ్లదారి:
అదీ సంగతి. చూడు, టైరు 50 మి.మీ. వెడల్పు పెరిగింది, అంటే బయటికి 25, లోపలికి 25. దానిమీద ఆఫ్‌సెట్ 30 తగ్గించావు కాబట్టి మొత్తం చక్రం ఇంకో 30 బయటికి జరిగింది. బయటి అంచు పాతచోటు నుంచి 55 మి.మీ. బయట ఉంది. స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు బాల్ జాయింట్ల గీత చుట్టూ తిరుగుతుంది, ఆ గీత నుంచి అంచు ఎంత దూరం ఉంటే అంత పెద్ద వంపు గీస్తూ వెనక మూలకి, బంపర్‌కి వచ్చి కొట్టుకుంటుంది. నీకు తగులుతున్నదాంట్లో పెద్ద భాగం టైరు ఎత్తు వల్ల కాదు, రిమ్ వల్ల.

అలాగని ప్లస్ 30కే పోతే లోపలి అంచు పై కంట్రోల్ ఆర్మ్‌కి (చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే పై చేతికి) 25 దగ్గరవుతుంది, అక్కడ తగిలే అవకాశం ఉంది. మధ్యలో ప్లస్ 12, 15 లాంటిది దొరికితే చూడు. తర్వాత అలైన్‌మెంట్‌లో కాస్టర్ (ఆ బాల్ జాయింట్ల గీత వెనక్కి వాలే కోణం) పెంచమను, అలా సర్దితే చక్రం కొంచెం ముందుకి జరుగుతుంది, వెనక మూలకి ఊపిరి ఆడుతుంది. ముందుకి ఎక్కువ జరిపితే బంపర్ తగులుతుంది అది కూడా చూసుకో.

అప్పుడు అసలు కొలత. బండిని ఫ్రేమ్ కింద స్టాండ్ల మీద గట్టిగా పెట్టి, ముందు కాయిల్ స్ప్రింగ్ తీసేసి, కింది ఆర్మ్‌ని జాకీతో బంప్ స్టాప్ తగిలేదాకా లేపి, ఆ స్థితిలో స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పు. లైనర్‌కి సుద్ద పూస్తే ఎక్కడెక్కడ తగిలిందో తెలిసిపోతుంది. స్ప్రింగ్‌ని నొక్కే పనిముట్టు సరిగ్గా లేకపోతే ఈ పని నువ్వు చెయ్యకు, మెకానిక్‌కి ఇవ్వు, నొక్కి ఉన్న స్ప్రింగ్ జారితే ప్రాణం మీదికొస్తుంది. సుద్ద చెరిగిన చోటే కొయ్యాలి, అంతకంటే ఒక్క వేలు ఎక్కువ కొయ్యకూడదు.

షీట్‌మెటల్:
నేను బాడీ పనే చేస్తాను, ఇక్కడ అందరూ పించ్ వెల్డ్ వంచెయ్ అని తేలిగ్గా అనేస్తున్నారు అందుకే రాస్తున్నా. అది రెండు మూడు రేకులు కలిపి స్పాట్ వెల్డ్ చేసిన అంచు. దాన్ని కొయ్యకూడదు, సుత్తితో వెనక్కి పడుకోబెట్టాలి. పడుకోబెట్టగానే మధ్యలో ఉన్న సీలర్ పగిలిపోతుంది, అక్కడ మళ్లీ సీమ్ సీలర్ పట్టించి ప్రైమర్, పెయింట్ వెయ్యకపోతే నీళ్లు నేరుగా కార్పెట్ కిందికి దిగుతాయి, పైకి ఏం కనిపించదు, ఫ్లోరు లోపల్నుంచి తుప్పు పడుతుంది. నా దగ్గరికి వచ్చే బళ్లలో వంచినవాళ్లు చాలామంది, సీల్ చేసినవాళ్లు తక్కువ.

లైనర్ ప్లాస్టిక్ కాబట్టి ముందు హీట్ గన్‌తో వేడిచేసి వెనక్కి నొక్కి చూడండి, కొయ్యడం తర్వాత. లైనర్ మొత్తం తీసి పారేస్తే దాని వెనక ఉన్న వైరింగ్‌కి బురద, రాళ్లు కొట్టుకుంటాయి.

క్యాబ్ మౌంట్ బ్రాకెట్ ముందు మూల కోస్తే అది తెరిచిన డబ్బాలా మిగులుతుంది, అలా వదిలేస్తే బలం పోయినట్టే. అదే మందం ప్లేటు పెట్టి చుట్టూ పూర్తిగా వెల్డ్ చెయ్యాలి, బోల్టు, బుష్ కూర్చునే భాగం జోలికి పోకూడదు. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ టెర్మినల్ తియ్యాలి, బ్రేక్ పైపు, ఏబీఎస్ సెన్సర్ వైరు పక్కకి కట్టెయ్యాలి. జింకు పూత ఉన్న రేకు అయితే పూత గీకి, మాస్కు పెట్టుకుని, గాలి ఆడేచోట చెయ్యాలి, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

స్టాక్‌సైజ్:
షీట్‌మెటల్ గారు చెప్పినట్టు చేస్తే నాకు అభ్యంతరం సగం తగ్గింది. మిగతా సగం ఆ బ్రాకెట్ గురించే. క్యాబ్‌ని ఫ్రేమ్‌కి పట్టుకుని ఉండేవి ఆ మౌంట్లే, గుద్దుకున్నప్పుడు బలం వాటిమీద కూడా పడుతుంది. కంపెనీ టెస్టు చేసింది కొయ్యని బ్రాకెట్‌ని. వెల్డ్ ఎంత బాగున్నా దాన్ని ఎవరూ గుద్ది చూడలేదు కదా.

షీట్‌మెటల్:
అది న్యాయమైన మాటే. అందుకే వెల్డింగ్ వచ్చు అనుకునేవాళ్లు కాకుండా రోజూ ఫ్రేమ్ పని చేసేవాళ్లతో చేయించమంటాను. బ్రాకెట్ కొయ్యకుండా సరిపోయే రిమ్, టైరు దొరికితే నేనూ దానికే ఓటేస్తా.

లోగేర్:
సరిపోకపోతే మాత్రం సరిగ్గా కోసి ప్లేటు వెయ్యండి, నా మాట మారదు. రుద్దుకుంటూ తిరగడం అన్నిటికంటే ప్రమాదం, స్పీడులో సైడ్‌వాల్ కోసుకుపోతే బండి చేతిలో ఉండదు. మీ ప్రాంతంలో టైరు సైజు, బాడీ మార్పుల రూల్స్, ఇన్సూరెన్స్ సంగతి కూడా ముందే కనుక్కోండి.

మట్టిబాట:
అందరికీ చాలా థాంక్స్. జీరో రిమ్ములు తిరిగి ఇచ్చేస్తున్నా. ప్లస్ 12 రిమ్, కాస్టర్ సర్దడం, తర్వాత రాళ్లదారి అక్క చెప్పినట్టు మెకానిక్ దగ్గర స్ప్రింగ్ తీయించి సుద్దతో టెస్టు. బ్రాకెట్‌కి తగలకుండా లైనర్, పించ్ వెల్డ్‌తో పని అయిపోతే 35, బ్రాకెట్ దాకా వస్తే 255/80.

స్టాక్‌సైజ్:
మంచి నిర్ణయం. డబ్బు కట్టేముందు వెనక బెడ్ కింద స్పేర్ పట్టేచోటు కూడా కొలవండి, 35 చాలా బళ్లలో అక్కడ పట్టదు. పాత చిన్న స్పేర్‌తో ఫోర్ వీల్ డ్రైవ్ లాక్ చేసి నడిపితే టైర్లు వేర్వేరు వేగాల్లో తిరిగి ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక చక్రాలకి బలం పంచే గేర్ల పెట్టె) మీద ఒత్తిడి పడుతుంది.

మట్టిబాట:
అది అసలు ఆలోచించలేదండి. టేపు తీసుకుని ఇప్పుడే కిందకి దూరుతున్నా.