80 కిలోల పిక్కల బస్తా: కలాసీల నడుం నొప్పికి బెల్టు పనికొస్తుందా?

ప్రశ్న:
పలాసలో జీడిపిక్కల గోదాం మాది. నేల మీద బస్తాని ఇద్దరు కలాసీలు చెరో కొసా పట్టి లేపి మూడో మనిషి వీపు మీద వేస్తారు. నలుగురికి నడుం నొప్పి, ఒకరికి మెడ పట్టేస్తోంది. బెల్టులు కొనమంటున్నారు. కొనాలా, లేక మోకాళ్ళు వంచి ఎత్తడం నేర్పిస్తే సరిపోతుందా?

జవాబు 1:
బెల్టు మీద డబ్బు పెట్టకండి. దెబ్బ తగలకుండా అది ఆపుతుందనడానికి ఆధారం లేదని అమెరికాలో కార్మికుల భద్రత, ఆరోగ్యం మీద పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ 1994లోనే చెప్పింది. మోకాళ్ళు వంచడం చిన్న పెట్టెకి బాగుంటుంది. గోనె బస్తా మోకాళ్ళ మధ్య పట్టదు కాబట్టి ముందుకి జరుగుతుంది, నడుం మీద భారం ఇంకా పెరుగుతుంది. నియోష్ లెక్కలో బరువు ఒంటికి దగ్గరగా, 75 సెం.మీ. ఎత్తులో ఉంటే ఒక మనిషి ఎత్తదగ్గ పరిమితి 23 కిలోలు. చీలమండల నుంచి చేతులు 40 సెం.మీ. దూరంలో ఉంటే 14కి పడిపోతుంది. నేల మీంచైతే, నడుం తిప్పితే ఇంకా తక్కువ. మీవాళ్ళు చెరో 40 ఎత్తుతున్నారు.

జవాబు 2:
పై లెక్క సరే, చేయాల్సింది ఇది. బస్తా నేల మీద పడకూడదు. లారీ నుంచి దిగినదాన్ని మోకాలికి పైన, నడుముకి కింద ఉండే బల్ల మీద దించండి. అక్కడి నుంచి రెండు చక్రాల ట్రాలీ. గచ్చు గుంతలు ముందు పూడ్పించండి, లేకపోతే చక్రం దిగబడి ట్రాలీని మూలన పడేస్తారు. పేర్చే బస్తాల వరసలు భుజం ఎత్తు దాటనివ్వొద్దు. ఇక్కడి రైతుల దగ్గర కొనే పిక్కలు 40 కిలోల సంచుల్లో నింపించండి. మగవాళ్ళకి కూడా 55 కిలోలు మించొద్దని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967 నాటి సిఫార్సు.

ఒక్క మాట గట్టిగా చెప్తాను: కూలీ బస్తా లెక్కన కాకుండా క్వింటా లెక్కన కట్టండి. సంచి చిన్నదైందని రేటు సగం చేస్తే, కడుపు కోసం రెండేసి మోస్తారు.

జవాబు 3 (ఫిజియో):
మెడ నొప్పి ఉన్నాయనకి బస్తా మెడ మీద కాకుండా రెండు భుజాల మధ్య, వీపు పైభాగాన పడాలి. నొప్పి వస్తే వారాల తరబడి పడుకోవద్దు. ఒకట్రెండు రోజులు బరువు మాని నడవాలి. కాలు బలం తగ్గినా, తొడల మధ్య స్పర్శ పోయినా, మూత్రం అదుపు తప్పినా అదే రోజు శ్రీకాకుళం ప్రభుత్వ పెద్దాసుపత్రికి (రిమ్స్) పంపండి.

మందుల షాపులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర కొని రోజూ మింగడం మాన్పించండి. మన ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎక్కువన్న సంగతి తెలిసిందే కదండీ. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు తాగకుండా ఆ మాత్ర వేస్తే కిడ్నీకి మరీ ప్రమాదం. ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించి, డాక్టరు చెప్పిన మాత్రే వాడనివ్వండి.