ఫోరెన్సిక్ మెడిసిన్ డాక్టరు పని పోస్టుమార్టంతోనే ముగుస్తుందా?

ప్రశ్న: ఎంబీబీఎస్ పూర్తిచేశాను, ఫోరెన్సిక్ మెడిసిన్‌లో ఎండీ చేయాలనుకుంటున్నాను. అనుమానాస్పద మరణాల దర్యాప్తులో ఈ డాక్టరు పాత్ర ఎంతవరకు ఉంటుందో అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

జవాబు 1: పోలీసులు బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 194వ సెక్షన్ కింద శవ పంచనామా జరిపి మృతదేహాన్ని పంపాక మన పని మొదలవుతుందమ్మా. మెడపై గుర్తు ఏటవాలుగా పైకి సాగి మధ్యలో ఆగిపోతే ఉరి అనీ, అడ్డంగా చుట్టూ తిరిగితే గొంతు బిగించారనీ సాధారణంగా భావిస్తాం గాని, ఆ ఒక్క గుర్తుతో నిర్ణయానికి రాకూడదు. ముందు మెదడు, ఛాతీ అవయవాలు తీసి, మెడలోని రక్తం దిగిపోయాకే అక్కడి కండరాలను పొర పొరగా విప్పి చూడాలి. తొందరపడితే మన కోత వల్ల చిమ్మిన రక్తమే గాయంలా కనిపిస్తుంది.

జవాబు 2: విషం అనుమానముంటే జీర్ణాశయం, కాలేయం, మూత్రపిండాల భాగాలను సాధారణంగా సంతృప్త ఉప్పు ద్రావణంలో భద్రపరచి, సీలు వేసి ల్యాబుకు పంపాలి. ఫార్మలిన్‌లో (శరీర భాగాలు కుళ్లకుండా వాడే రసాయన ద్రావణం) వేస్తే విషాన్ని వెలికితీయడం కష్టమవుతుంది. ఈ జాగ్రత్త లోపిస్తే ఆ కుటుంబానికి జరిగే అన్యాయాన్ని సరిదిద్దడం దాదాపు అసాధ్యం.

జవాబు 3: కోర్టు సాక్ష్యాన్ని మరవకండి. ఏళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో మిమ్మల్ని నిలబెట్టేది ఆనాడు కొలిచి రాసిన గాయాల వివరాలే.